సీరియల్ సెట్టు సగమే వెలిగితే పారేయాలా?

తిరుపతిలో సీరియల్ సెట్లకు సీజన్ అంటూ వేరే ఉండదు. వినాయక చవితికి ఎక్కించిన లైట్లు బ్రహ్మోత్సవాలకూ, దసరాకూ, దీపావళికీ మేడ మీద అలాగే ఉంటాయి. కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, ఆ తర్వాత క్రిస్మస్, వైకుంఠ ఏకాదశి, సంక్రాంతి. ఎండాకాలంలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మధ్యలో ఇంట్లో పెళ్లో, గృహప్రవేశమో వస్తే సరేసరి. ఎండకూ వానకూ ఇన్ని నెలలు వేలాడే వస్తువు ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. అందులో వింతేమీ లేదు. నాకు బాధ కలిగించేది ఒక్కటే. ఇంకా సగం వెలుగుతున్న సెట్టును చూసి "పోయింది" అనేసి చుట్టచుట్టి చెత్తబండిలో వేసేస్తున్నాం.

షాపులో అడిగినా అదే మాట. "అవి రిపేరు చేసేవి కాదు సార్, నూటాయాభై రూపాయల సెట్టు, కొత్తది తీసుకుపోండి." ఈ మాట తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. సగం వెలిగే సెట్టులో సాధారణంగా చెడిపోయేది ఒక్క చోటే. ఆ చోటు ఎక్కడుందో చీకటిగా ఉన్న భాగమే మనకు చూపిస్తుంది. కాస్త ఓపిక ఉన్న ఎవరైనా దాన్ని పట్టుకోవచ్చు. ఓపిక లేనివాళ్లు కూడా తెలుసుకోవాల్సిన ప్రమాదం ఒకటుంది, దాని గురించి కూడా చెబుతాను.

ముందు ఆ తీగలో ఏముందో చూద్దాం. తెలుపు, నీలం, ఆకుపచ్చ ఎల్ఈడీలు వెలగాలంటే ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు కావాలి. ఎరుపు, పసుపు 2 వోల్టుల దగ్గరే వెలుగుతాయి. మన గోడ సాకెట్లో వచ్చేది 230. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ధర పెరుగుతుంది. కాబట్టి కొన్ని పదుల ఎల్ఈడీలను ఒకదాని కాలికి ఇంకొకటి కలిపి ఒకే వరసగా కట్టేస్తారు. వచ్చిన వోల్టేజీని అవన్నీ పంచుకుంటాయి, మిగిలింది కరెంటును అదుపులో ఉంచే రెసిస్టర్ తీసుకుంటుంది. పాతకాలం సెట్లలోనూ ఇదే పద్ధతి. 6 వోల్టుల చిన్న బల్బులు దాదాపు 40 ఒకే వరసలో ఉండేవి. ఒకటి మాడితే మొత్తం ఆరిపోయేది. ఇంటి పెద్దాయన స్టూలెక్కి ఒక్కో బల్బూ తీసి పెట్టి చూస్తుంటే పిల్లలందరం కింద నిలబడి ఎదురుచూసేవాళ్లం.

ఇప్పటి పొడుగాటి సెట్లలో అలాంటి వరసలు రెండో మూడో నాలుగో ఉంటాయి. ప్రతి వరసకూ 230 వోల్టులు విడిగా అందుతాయి. ఒక వరసలో ఎక్కడైనా తెగితే ఆ వరస మాత్రం ఆరిపోతుంది, పక్కవి వెలుగుతూనే ఉంటాయి. సగం వెలగడం వెనకున్న అసలు సంగతి ఇదే. వెలుగుతున్న భాగం వల్ల మనకు చాలా విషయాలు తేలిపోతాయి. ప్లగ్గు బాగుంది, ప్లగ్గు నుంచి వచ్చే వైరు బాగుంది, ఆ వైపుకు కరెంటు అందుతోంది. ఇక వెతకాల్సింది చీకటి భాగంలోనే.

పెళ్లిళ్లకు లైటింగ్ కట్టే కుర్రాళ్లకు ఇది వెన్నతో పెట్టిన విద్య. శూన్యమాసంలో పని తగ్గినప్పుడు వాళ్లు సెట్లన్నీ షెడ్డులో కుప్పపోసుకుని కూర్చుంటారు. అలాంటి ఒకాయన పక్కన కూర్చుని చూశాను. సెట్టు చేతికి రాగానే విప్పడు, లాగడు. నేల మీద బారుగా పరిచి ప్లగ్గు పెట్టి, చెయ్యి దూరంగా ఉంచి కళ్లతో చూస్తాడు. "చీకటి యాడ మొదలైందో చూడు సార్, యాడ అయిపోయిందో చూడు. ఆ నడిమధ్యలోనే ఉంటాది" అన్నాడు. చీకటి మొదలైన బల్బు దగ్గరా అయిపోయిన బల్బు దగ్గరా దారంతో గుర్తు కట్టి, ప్లగ్గు పీకి, అప్పుడే చేతిలోకి తీసుకున్నాడు. ఇంట్లో మనం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తాం. లైటు వెలుగుతుండగానే బల్బులు నలిపి, వైరు అటూఇటూ వంచి చూస్తాం.

అక్కడే ఉంది ప్రమాదం. వెలగని భాగంలో కరెంటు లేదని చాలామంది అనుకుంటారు. ఉంటుంది. ఒక వరస మధ్యలో తెగినప్పుడు ఆ తెగిన చోట రెండు కొసల మధ్య మొత్తం 230 వోల్టులూ నిలబడి ఉంటాయి. వెలుగుతున్న వరసలో ఒక ఎల్ఈడీ రెండు కాళ్ల మధ్య ఉండేది 3 వోల్టులు. చీకటి వరసలో తెగిన చోట ఉండేది 230. అంటే మనం ధైర్యంగా వేలు పెట్టే చోటే అన్నిటికంటే ప్రమాదమైన చోటు. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంట్లో పిల్లలకు కూడా తెలియాలని నా కోరిక. సెట్టు చివర ఉండే ప్లాస్టిక్ డబ్బాను చూసి కరెంటు తగ్గించే అడాప్టర్ అనుకోవద్దు. సాకెట్లో నేరుగా పెట్టే మామూలు సెట్లలో ఆ డబ్బా రంగులు మార్చడానికే, వోల్టేజీ తగ్గించడానికి కాదు. దాని నుంచి వచ్చే ఏ వైరులోనైనా ఫేజు ఉండొచ్చు.

స్విచ్ ఆపితే చాలదా అంటారు. చాలదు. కొన్ని ఇళ్లలో స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీలు మసకగా మిణుకుమిణుకుమంటూ ఉండడం మీరు చూసే ఉంటారు. స్విచ్ ఫేజును కాకుండా న్యూట్రల్‌ను తెంపుతుంటే అలా జరుగుతుంది. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉన్నా కొన్నిసార్లు అలా అవుతుంది. మొదటిదైతే స్విచ్ ఆపినా సెట్టంతా ఫేజు ఉన్నట్టే. అందుకే ప్లగ్గు సాకెట్ నుంచి బయటికి వచ్చాకే చెయ్యి పెట్టాలి, మరో దారి లేదు. మనం ఈ లైట్లు కట్టేది బాల్కనీ ఇనప గ్రిల్లుకూ, గేటుకూ, తడిసిన తులసికోటకూ. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంపే స్విచ్) లేని ఇంట్లో వానాకాలం సీరియల్ సెట్టు ఆరుబయట కట్టనేకూడదని నా గట్టి అభిప్రాయం. లైట్ల మీద పెట్టే ఖర్చు ముందు దాని మీద పెట్టండి.

సరే, ప్లగ్గు పీకేశాం, చీకటి భాగం రెండు కొసలకూ గుర్తు కట్టాం. ఇప్పుడు ఎక్కడ వెతకాలి? మొదటి బల్బు నుంచి వరసగా అన్నీ చూసుకుంటూ పోనక్కర్లేదు. మన ఊరి వాతావరణం ఏ చోటును ముందు తింటుందో ఆలోచించండి. తిరుపతికి పెద్ద వానలు వచ్చేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలు ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. సరిగ్గా ఆ నెలల్లోనే మన లైట్లు బయట వేలాడుతుంటాయి. వాననీళ్లు వైరు వెంట జారి, అది కిందికి వేలాడే చోట ఆగుతాయి. అక్కడున్న బల్బు వెనక తొడుగులోకి, అంటే స్లీవ్‌లోకి, నీళ్లు దిగుతాయి. కాబట్టి పోయినసారి ఎలా కట్టారో గుర్తు తెచ్చుకుని, కిందికి వేలాడిన చోటు ముందు చూడండి. తర్వాత మేకుకో గ్రిల్లుకో వైరు మెలిపెట్టి కట్టిన చోట్లు. ఆ తర్వాత చీకటి మొదలయ్యే బల్బు, ముగిసే బల్బు, ఎందుకంటే అదనపు వైర్లు వచ్చి కలిసే అతుకులు అక్కడే ఉంటాయి.

బల్బు వెనకాల ఉన్న స్లీవ్‌ను గోటితో మెల్లగా వెనక్కి జరపండి. బాగున్న బల్బుకైతే రెండు కాళ్లు తళతళలాడుతూ కనిపిస్తాయి. చెడిన చోట కాలి మీద గోధుమరంగు తుప్పు, వైరు రాగి కొస మీద ఆకుపచ్చటి పొడి. చౌక ఎల్ఈడీల కాళ్లు ఇనుముతో చేసి పైన పల్చగా పూత వేసినవి. అతుకు దగ్గర పూత పోతే ఒక్క వానాకాలం చాలు, కాలు దారంలా సన్నబడుతుంది. పైకి అతుక్కునే కనిపిస్తుంది, చిటికెనవేలితో తాకగానే ఊడి చేతిలోకి వస్తుంది. లోపలున్న ఎల్ఈడీకి ఏమీ అయ్యుండదు. ఆ తెల్లటి వెలుగు అసలు నీలం ఎల్ఈడీదే, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెలుపు వస్తుంది. ఆ నీలాన్ని సాధించడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలు పట్టుబట్టి పనిచేశారు. అకసాకి, అమానో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది దానికే. అంత శ్రమతో పుట్టిన వస్తువును ఒక తుప్పుపట్టిన ఇనప కాలి కోసం కుప్పలో వేస్తున్నామంటే నాకు మనసొప్పదు.

కంటికి ఏమీ దొరక్కపోతే వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటర్ తీయాలి. మామూలు పసుపు రంగు మీటరు చాలు. డయోడ్ గుర్తు దగ్గరికి తిప్పి, రెండు సూదులూ ఒక ఎల్ఈడీ రెండు కాళ్లకు ఆనించండి. వెలగకపోతే సూదులు మార్చి ఆనించండి. ఎల్ఈడీ ఒక వైపుకే కరెంటు పోనిస్తుంది కాబట్టి బాగున్నది ఏదో ఒక వైపు మసకగానైనా వెలగాలి. కొన్ని మీటర్లకు తెల్ల ఎల్ఈడీని వెలిగించేంత వోల్టేజీ ఉండదు. అలాంటప్పుడు 3 వోల్టుల బటన్ సెల్లుకు రెండు చిన్న వైర్లు టేపుతో అంటించుకుంటే ఇంకా నయం. ఎల్ఈడీలన్నీ వెలిగితే తప్పు వాటి మధ్య వైరులో ఉంది. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి ఒక బల్బు కాలి నుంచి పక్క బల్బు కాలి దాకా చూసుకుంటూ పోతే బీప్ రాని చోట దొరికిపోతుంది. వైరు పైతొడుగు చెక్కుచెదరకుండా లోపల రాగి తెగి ఉండడం చాలా మామూలు. సూదితో వైరును గుచ్చి చూడొద్దు. వచ్చే వానాకాలంలో ఆ కన్నం గుండా నీళ్లు దిగుతాయి.

వైరుకు తాకకుండానే బీప్ కొట్టే పెన్ను టెస్టర్లు ఉన్నాయి కదా, అవి వాడొచ్చా అని అడుగుతుంటారు. ఒకే వరస ఉన్న చిన్న సెట్టుకు కొంత పనికొస్తాయి. మూడు నాలుగు వైర్లు మెలేసి ఉన్న పొడుగు సెట్లలో మాత్రం పక్క వైరు కరెంటును చూసి కూడా కూస్తాయి. అందువల్ల నేను వాటిని నమ్మను.

ఒక వరస మొత్తం ఆరకుండా మధ్యలో ఒకటీ రెండు బల్బులే ఆరి ఉంటే ఆ కథ వేరు. ఆ ఎల్ఈడీ లోపల షార్ట్ అయిపోయింది, లేదా తడి, తుప్పు దాని రెండు కాళ్లనూ కలిపేశాయి. కరెంటు దాన్ని దాటుకుని పోతోంది. అది తొందరగా చంపేసే జబ్బు కాదు, కానీ దాని వాటా వోల్టేజీ మిగతావాటి మీద పడుతుంది.

ఇక మనవాళ్లు అందరూ చేసే పని గురించి. చెడిన బల్బును కత్తిరించేసి రెండు వైర్లూ మెలేసి, పైన నల్లటేపు చుట్టి "అయిపోయింది" అంటారు. వెలుగుతుంది కూడా. నేను దీన్ని ఒప్పుకోను. లెక్క సులువుగా ఉండడానికి ఒక వరసలో 60 తెల్ల ఎల్ఈడీలు ఉన్నాయనుకుందాం. అవి 180 వోల్టులు తీసుకుంటే రెసిస్టర్‌కు మిగిలేది 50. ఏడాదికి ఒకటీ రెండు చొప్పున ఐదు బల్బులు తీసేసి ముడులు వేశారు. ఆ 15 వోల్టులూ రెసిస్టర్ మీదికి వెళ్తాయి, 50 కాస్తా 65 అవుతుంది. అంటే మొత్తం వరసలో కరెంటు 30 శాతం పెరిగింది. రెసిస్టర్‌లో వేడి దాదాపు 70 శాతం పెరిగింది. మిగిలిన 55 ఎల్ఈడీలూ ఆ ఎక్కువ కరెంటుతోనే రోజూ వెలుగుతాయి. కొన్నాళ్లకు అవీ వరసగా పోతాయి. అప్పుడు "చౌకరకం, ఇంతే" అని వస్తువును తిడతాం. అదిగాక, మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండకు టేపు జిగురు కారి ఊడిపోతుంది, లోపలి రాగి బయటపడుతుంది. పండగ సాయంత్రం గత్యంతరం లేక ఒక్క ముడి వేశారంటే అర్థం చేసుకుంటాను. పండగ అయ్యాక దాన్ని సరిచేయాలి.

సరిచేయడమంటే అదే రంగు, అదే సైజు ఎల్ఈడీ తెచ్చి పెట్టడం. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. కొత్త ఎల్ఈడీకి పొడవు కాలు ప్లస్. కాళ్లు కత్తిరించేసి ఉంటే అంచు చదునుగా కోసినట్టున్న వైపు మైనస్. పాతదాన్ని తీసేముందు దాని ప్లస్ ఏ వైరుకు ఉందో ఒక రంగు చుక్క పెట్టుకోండి, తిరగేసి పెడితే వరస వెలగదు. వేడి తగిలితే బిగుసుకునే ష్రింక్ స్లీవ్ ముక్కలను వైరుకు ముందే తొడిగి, అప్పుడు సోల్డరింగ్ చేయాలి. ఒక్కో కాలికి విడిగా ఒక స్లీవ్, రెండిటినీ కలిపి పైన ఇంకొకటి. సోల్డరింగ్ రాకపోతే నేర్చుకోవడం పెద్ద విద్యేమీ కాదు, 25 వాట్ల ఐరన్ చాలు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్ల చేత చేయించండి. ఓమ్ నియమం పుస్తకంలో చదివినదాని కంటే ఇక్కడ బాగా బుర్రకెక్కుతుంది.

రంగులు మారే సెట్లలో ఇంకో రకం సమస్య వస్తుంది. సెట్టు పొడవునా ఎరుపు ఒక్కటే లేదు, మిగతా రంగులన్నీ ఆడుతున్నాయి. అప్పుడు చీకటికి మొదలూ చివరా ఉండవు. డబ్బాలో ఒక్కో రంగుకు స్విచ్‌లా పనిచేసే ఒక్కో చిన్న థైరిస్టర్ ఉంటుంది. అది పోతే ఆ రంగు పూర్తిగా ఆగిపోతుంది, లేదా మారకుండా ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. తప్పు డబ్బాలోనా వైరులోనా తేల్చడానికి, ప్లగ్గు పీకి డబ్బా తెరిచి, ఎరుపు వైరునూ ఆకుపచ్చ వైరునూ ఒకదాని చోట ఒకటి అతికి, డబ్బా మూసేశాకే మళ్లీ ప్లగ్గు పెట్టాలి. ఎరుపు వెలిగి ఆకుపచ్చ ఆరితే తప్పు డబ్బాది. ఎరుపు అప్పుడూ వెలగకపోతే తప్పు ఆ రంగు వరసది. డబ్బా పోతే డబ్బా ఒక్కటే మార్చుకోవచ్చు.

రాగి తీగ మీద ముత్యాల్లా ఉండే యూఎస్‌బీ లైట్లకు ఇదంతా వర్తించదు. అవి 5 వోల్టులవి, బ్యాటరీవైతే ఇంకా తక్కువ. అందులో ఎల్ఈడీలన్నీ ఒకే వరసగా కాకుండా పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపినవి కాబట్టి ఒకటి పోతే ఒకటే పోతుంది. ఒక చోటు నుంచి చివరిదాకా చీకటైతే సరిగ్గా అక్కడే తీగ తెగింది. తీగ మీద కనిపించని ఎనామిల్ పూత ఉంటుంది, దాన్ని బ్లేడుతో గీకకుండా ముడేస్తే వెలగదు. రంగుల సెట్టులో ఎరుపు మాత్రం వెలిగి నీలం, తెలుపు ఆరిపోతే రిపేరేమీ లేదు, బ్యాటరీలు దిగిపోయాయి. ఎరుపుకు తక్కువ వోల్టేజీ చాలు కాబట్టి అది చివరిదాకా నిలుస్తుంది. పవర్‌బ్యాంకుకు పెడితే కాసేపటికి ఆరిపోతుంటే లైట్లను అనుమానించొద్దు. అంత తక్కువ కరెంటు లాగితే చాలా పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. ఫాల్స్ సీలింగులో పెట్టే స్ట్రిప్పులో మూడు మూడు ఎల్ఈడీలు మాత్రమే ఆరితే అది 12 వోల్టుల రకం, ఆ ముక్క వరకే పోయింది. కత్తెర గుర్తు దగ్గర కోసి కొత్త ముక్క అతికించుకోవచ్చు.

"ఇంత చాకిరీ నూటాయాభై రూపాయల కోసమా?" అని మా పక్కింటి అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్న. స్లీవ్ తీసిన ప్రతిచోటా తుప్పే కనిపిస్తే, వైరు తొడుగు ఎండకు పెళుసై వంచితే పగులుతుంటే, నేనూ బాగుచేయను. బాగుచేయకూడదు కూడా, అది ఇంట్లో ఉండటమే ప్రమాదం. కానీ ఒక్క అతుకు ఊడిన సెట్టు అలాంటిది కాదు. అది పారేస్తే రాగి, పీవీసీ, టంకం అన్నీ కలిసి ఊరిబయట చెత్తకుప్పకు చేరతాయి. రాగి కోసం అక్కడ వైర్లు తగలబెడతారు. పీవీసీ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు ఉంటాయి, ఆ పొగ పీల్చేది చెత్త ఏరుకునేవాళ్లే. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. మన వీధిలో మాత్రం ఈ వైర్లు ఇంకా అరటాకులతో కలిసి ఒకే బండి ఎక్కుతున్నాయి. నూటాయాభై రూపాయల లెక్కలో ఇదంతా రాదు.

రేణిగుంట విమానాశ్రయం పక్కన టీవీలు తయారవుతున్నాయి, శ్రీసిటీలో ఫోన్లు తయారయ్యాయి. అలాంటి జిల్లాలో ఒక లైట్ల వరస అతికేవాడు దొరకడంటే నేను నమ్మను. చేతులున్నాయి, మనం అడగడం లేదు. గాంధీ రోడ్డులో పండగ ముందు సెట్లు గుట్టలుగా పోసి అమ్మే షాపులవాళ్లు పక్కన ఒక డబ్బాలో ఐదు రంగుల విడి ఎల్ఈడీలు, ఒక చుట్ట ష్రింక్ స్లీవ్ కూడా ఎందుకు పెట్టుకోరు? "ఎవరూ అడగరు సార్" అంటున్నారు. కాబట్టి ఈసారి కొనేటప్పుడు అడుగుదాం. ముందు అట్టపెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, దానితో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూద్దాం, ఎల్ఈడీ లైటింగ్ చెయిన్లకు అది తప్పనిసరి. బాగుచేసుకోవడానికి వీలుగా బల్బు వెనక స్లీవ్ జరిగేదా, లేక గట్టిగా పోతపోసిందా అని చూద్దాం. ఇంట్లో దానికి స్పేర్ ఉండేలా అదే రంగు విడి బల్బులు నాలుగు ఇమ్మని అడుగుదాం. లేవంటే పక్క షాపులో అడుగుదాం.